లెక్క ముందా, సూత్రం ముందా?

పలకా బలపమో, కాగితమూ పెన్సిలో అందుబాటులో ఉంటే దగ్గర పెట్టుకోండి. ముందుగా ఒక లెక్క చెబుతాను.

ఒక అక్కసాలి దగ్గర ఏడు రకాల బంగారం ఉంది. మేలిమి బంగారానికి పదహారు వన్నెలని మన పెద్దల లెక్క. ఈయన దగ్గరున్న దాంట్లో 1 వన్నె బంగారం ఒక పాలు, 2 వన్నెలది ఒక పాలు, 3 వన్నెలది ఒక పాలు, 4 వన్నెలది 2 పాళ్లు, 5 వన్నెలది 4 పాళ్లు, 14 వన్నెలది 7 పాళ్లు, 15 వన్నెలది 8 పాళ్లు. అన్నిటినీ ఒకే మూసలో వేసి కరిగించాడు. వచ్చిన ముద్ద ఎన్ని వన్నెల బంగారం?

తొందరపడే పిల్లవాడు ఏం చేస్తాడో చూడండి. ఏడు వన్నెలనూ కూడుతాడు. 44 వస్తుంది. ఏడుతో భాగిస్తాడు. ఆరు వన్నెలకు కొంచెం పైన అంటాడు. పక్కన కూర్చున్న అక్కసాలి కొడుకు నవ్వుతాడు. ఎందుకంటే మూసలో పడ్డ 24 పాళ్లలో 15 పాళ్లు మంచి బంగారమే. నాసిరకం చిటికెడు, మేలురకం పిడికెడు ఉన్నప్పుడు ముద్ద అంత హీనంగా ఎలా ఉంటుంది? అప్పుడు మొదటి పిల్లవాడికి కూడా ఏదో తేడా ఉందని తోస్తుంది. వన్నెలను ఊరికే కూడితే చాలదు, ఏ వన్నె ఎంత ఉందో అదీ చూడాలి. వన్నెను పాళ్లతో గుణించి కూడితే 252. మొత్తం పాళ్లు 24. భాగిస్తే పదిన్నర వన్నెలు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పిల్లవాడికి సూత్రం మనం చెప్పలేదు. లెక్కే అతని చేత సూత్రాన్ని అడిగించింది. ఆకలి వేసినవాడికి అన్నం పెట్టడానికీ, ఆకలి లేనివాడి నోట్లో ముద్దలు కుక్కడానికీ ఉన్న తేడా ఇదే. లెక్కల చదువులో ఆకలి పుట్టించే లెక్కలు అనేవి కొన్ని ఉంటాయి. ఆ లెక్కలు మన ప్రాంతంలో ఎలా పుట్టాయి, ఎలా ప్రయాణం చేశాయి, కోలారు బంగారు సీమకూ వాటికీ ఏం సంబంధం? ఈ సంగతులు ఇవాళ చెప్పుకుందాం.

ఆ బంగారం లెక్క నేను కల్పించింది కాదు. దానికి దాదాపు పన్నెండు వందల ఏళ్ల వయసు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో, అంటే క్రీ.శ. 850 ప్రాంతంలో, కన్నడ దేశంలో మహావీరాచార్యుడనే జైన పండితుడుండేవాడు. ఆయన సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. అందులో వెయ్యికి పైగా శ్లోకాలున్నాయి. అంతకు ముందు మన దేశంలో గణితం ఎక్కువగా జ్యోతిష గ్రంథాల్లో ఒకటి రెండు అధ్యాయాలుగా ఒదిగి ఉండేది. మహావీరుడు దాన్ని విడదీసి, గణితానికే ఒక పుస్తకం పెట్టాడు. పుస్తకం మొదట్లోనే గణితాన్ని పొగుడుతూ, వంట దగ్గరనుంచి వైద్యం దాకా, ఇల్లు కట్టడం దగ్గరనుంచి గ్రహాల నడక దాకా లెక్క లేనిది ఏదీ లేదని చెబుతాడు.

ఆ మాటను ఆయన ఊరికే అనలేదు. పుస్తకమంతా దానికి సాక్ష్యమే. వడ్డీ లెక్కలున్నాయి. బంగారం కలిపే లెక్కలు ఉన్నాయి. గుంటలు, బావులు తవ్వే లెక్కలకు ఒక అధ్యాయం, నీడను బట్టి ఎత్తునూ పొద్దునూ కొలిచే లెక్కలకు మరో అధ్యాయం ఉన్నాయి. పిల్లల్ని మురిపించే గుణకారాలూ ఉన్నాయి. 142857143ను 7తో గుణించి చూడండి. 1000000001 వస్తుంది. రెండు కొసల్లో రెండు ఒకట్లు, మధ్యలో సున్నాల వరుస. ఇటువంటి వాటిని ఆయన హారాలన్నాడు. ముందునుంచి చదివినా, వెనకనుంచి చదివినా ఒకటే. ఇటువంటి హారం ఒకటి వస్తుందని తెలిస్తే ఏ పిల్లవాడైనా గుణకారం తప్పు లేకుండా చేయాలని చూస్తాడు. తప్పు చేస్తే హారం తెగిపోతుంది, తప్పు తనకే కనబడుతుంది. పంతులుగారు బెత్తం తీయనక్కరలేదు.

ఇంకొక లెక్క వినండి. ముగ్గురు వర్తకులు దారిలో పోతున్నారు. డబ్బుసంచి ఒకటి కనబడింది. మొదటివాడు అన్నాడు, ఈ సంచి నాకు దక్కితే మీ ఇద్దరి డబ్బుకూ రెండింతలు నా దగ్గరుంటుంది. రెండోవాడు అన్నాడు, నాకు దక్కితే మీ ఇద్దరి డబ్బుకూ మూడింతలు. మూడోవాడు అన్నాడు, నాకు దక్కితే అయిదింతలు. అయితే ఎవరి దగ్గర ఎంత ఉంది? సంచిలో ఎంత ఉంది? దీనికి చిన్న సంఖ్యల్లో జవాబు చెబుతాను, మీరు సరిచూసుకోండి. వర్తకుల దగ్గర 1, 3, 5. సంచిలో 15. మొదటివాడికి సంచి వస్తే 16, అది 8కి రెండింతలు. రెండోవాడికి వస్తే 18, అది 6కు మూడింతలు. మూడోవాడికి వస్తే 20, అది 4కు అయిదింతలు.

సరిచూడటం ఎంత సులువో, కనుక్కోవడం అంత కష్టం. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే బీజగణితం. తెలియనిదానికి ఒక పేరు పెట్టి, దాన్ని తెలిసినదానిలాగే కూడి తీసివేయడం అన్న ఆలోచన ఎందుకు కావలసి వచ్చిందో ఈ సంచి చెప్పినట్టుగా ఏ నిర్వచనమూ చెప్పలేదు.

ఇక్కడ ఒక సంగతి మరుగుపరచకూడదు. మహావీరాచార్యుడి పుస్తకంలో వరుస చూస్తే సూత్రం ముందు వస్తుంది, ఉదాహరణ తరవాత వస్తుంది. కంఠస్థం చేసుకోవడానికి రాసిన పుస్తకాల పద్ధతి అది. కానీ పుస్తకంలోని వరుసే పాఠంలో వరుస కావాలని నియమమేమీ లేదు. బొంత కుట్టేటప్పుడు ఏ గుడ్డ ముందు తీయాలో కుట్టేవారికి తెలుసు. సంచి కథ ముందు చెప్పి, పిల్లల్ని రెండు రోజులు దాంతో కుస్తీ పట్టనిచ్చి, మూడోరోజు సూత్రం చెప్పే గురువుకు ఆ పుస్తకంలో కావలసినంత సరుకుంది.

ఇప్పుడు మన తెలుగు సంగతికి వద్దాం. ఆ కన్నడ దేశపు సంస్కృత గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మనకు దొరికిన మొదటి గణిత గ్రంథం అదేనని పండితుల మాట. సారసంగ్రహ గణితమని దాని పేరు. జనం నోట మాత్రం పావులూరి గణితంగానే నిలిచింది. భారతం తెలుగులోకి వచ్చిన కాలమూ, లెక్కలు తెలుగులోకి వచ్చిన కాలమూ ఇంచుమించు ఒకటేనన్నమాట. తరవాత పన్నెండో శతాబ్దంలో రాజాదిత్యుడు కన్నడంలో వ్యవహారగణితం రాశాడు. ఈ ఎల్లకు అటు ఇటు ఉన్న రెండు భాషలూ లెక్కలను అలా సొంతం చేసుకున్నాయి.

మల్లన చేసింది మాటకు మాట పెట్టడం కాదు. మూలంలో జినుడి ప్రస్తావన ఉన్న ఉదాహరణలను తన శ్రోతలకు తగినట్టుగా శివుడి వైపు తిప్పాడు. కొన్ని ఉదాహరణలు వదిలాడు, కొన్ని మార్చాడు. ఇది మతం సంగతి మాత్రమే అనుకోకండి. ఇది బోధన సంగతి. లెక్కలో ఉన్న గుడి పిల్లవాడికి తెలిసిన గుడి అయితేనే పూలు ఎన్ని అన్న ప్రశ్న అతనికి అందుతుంది. సూత్రాన్ని ముట్టుకోకుండా కథను మార్చవచ్చని, మార్చాలని మల్లన వెయ్యేళ్ల కిందటే గ్రహించాడు.

చదరంగం పలక లెక్క మీకు తెలిసే ఉంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్లకూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎన్ని? దీనికి జవాబు చెప్పే ఒక ప్రసిద్ధమైన పద్యం మల్లన పేరిట వాడుకలో ఉంది. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, మన్మథుడి బాణాలంటే అయిదు, ఆకాశమంటే సున్న. ఆ మాటలను కుడినుంచి ఎడమకు అంకెలుగా పేర్చుకుంటే వచ్చే సంఖ్య ఇది: 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల సంఖ్య, ఒక్క అంకె కూడా తప్పు లేదు.

మన కోలారు సీమలో ఈ లెక్కను రాగి గింజలతో చెప్పించండి. మొదటి రెండు గళ్లు కలిపితే 3. మూడు గళ్లు కలిపితే 7. నాలుగు కలిపితే 15. పిల్లలే గమనిస్తారు, ప్రతిసారీ వచ్చిన మొత్తం తరవాతి గడిలోని గింజలకంటే ఒకటే తక్కువ. అరవై నాలుగు గళ్లూ కూడనక్కరలేదు, అరవై అయిదో గడి ఉంటే అందులో ఎన్ని ఉండేవో కనుక్కుని ఒకటి తీసేస్తే చాలు. శ్రేఢి అన్న పేరు ఇంకా చెప్పలేదు. శ్రేఢి మాత్రం తరగతిలోకి వచ్చి కూర్చుంది.

మరి ఇంత సరుకున్న మనకు లెక్కలంటే భయం ఎక్కడినుంచి వచ్చింది? దీనికి చరిత్రలో ఒక ఆనవాలుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క పంపమని కలెక్టర్లను అడిగాడు. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. అక్కడి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులున్నాయని రాశాడు. వాటిలో తెలుగు బడులూ కన్నడ బడులూ దాదాపు సరిసమానం. మన వీధి అరుగుల మీద, తిణ్ణెల మీద ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దించిన బడులే అవి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఆ పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. కానీ ఒక లోపం కూడా ఎత్తి చూపాడు. పిల్లలు ఎన్నో పద్యాలు అప్పజెబుతారు గానీ, ఆ గ్రాంథికం వాళ్ల ఇంటి మాట కాదు గనక అర్థం మాత్రం రామచిలుకకు తెలిసినంతే తెలుసునన్నాడు.

ఎక్కాలు వల్లించడం తప్పని నేననను. ఎక్కాలు నోటికి రానివాడికి సంత దాటడం కష్టం. ఈ కంఠస్థ విద్య శక్తి ఎంతటిదో చెప్పే కథ ఒకటి మన బంగారు గనుల చరిత్రలోనే ఉంది.

1799లో టిప్పు సుల్తాను పడిపోయాక మైసూరు రాజ్యపు ఎల్లలు కొలిచే పని మొదలైంది. ఆ పనిమీద 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి కోలారు ప్రాంతానికి వచ్చాడు. ఇక్కడ మట్టిలో బంగారం దొరుకుతుందని విని, చూపించినవారికి బహుమానమన్నాడు. ఉరిగాం ఊరివాళ్లు బండితో మట్టి తెచ్చి ఆయన ముందే కడిగి పసిడి రేణువులు చూపించారు. మారికుప్పం దగ్గర కూడా జనం బంగారం తీస్తున్నారని ఆయన రాశాడు. సుమారు 56 కిలోల మట్టికి ఒక గ్రెయిను బంగారం వచ్చిందని చెబుతారు. గ్రెయిను అంటే గురిగింజలో సగం బరువు.

ఇక్కడ ఆగి లెక్క కడదాం. తులానికి 180 గ్రెయిన్లు. 56 కిలోలకు ఒక గ్రెయిను అయితే తులం బంగారానికి ఎంత మట్టి కడగాలి? 56ను 180తో గుణిస్తే 10,080 కిలోలు. అంటే పది టన్నుల మట్టి! త్రైరాశికమంటే ఇదే. ఇంతకు ఇంతైతే అంతకు ఎంత? ఈ ఒక్క ప్రశ్నతో పిల్లలకు రెండు పాఠాలు అందుతాయి. ఒకటి గణితం. రెండోది, అమ్మ మెడలోని సూత్రాల వెనక ఎందరి నడుములు వంగాయో అన్న తెలివిడి.

ఆ వారెన్‌కు లెక్కల పిచ్చి ఉండేది. తరవాత ఆయన మద్రాసు నక్షత్రశాలలో పనిచేశాడు. మన పంచాంగ గణితం మీద కాలసంకలిత అనే పెద్ద పుస్తకం 1825లో వెలువరించాడు. ఆ పనిలో ఉండగా పుదుచ్చేరిలో ఒక తమిళ పంచాంగకర్త చేత 1825 మే నెలాఖరున రాబోయే చంద్రగ్రహణాన్ని కట్టించాడు. ఆ పెద్దమనిషి కాగితం ముట్టలేదు. నేలమీద గవ్వలు పేర్చుకుంటూ, నోటికి వచ్చిన వాక్యాల్లోంచి అంకెలు తీసుకుంటూ గ్రహణ సమయం చెప్పాడు. పట్టువేళ నాలుగు నిమిషాల తేడాతో సరిపోయింది. విడుపువేళలో కూడా తేడా గంటలోపే. అయితే ఆ లెక్క వెనక ఉన్న సిద్ధాంతం ఆయనకు ఏమీ తెలియదని వారెన్ రాశాడు.

ఈ కథను రెండు కళ్లతోనూ చూడాలి. తరతరాలుగా నోటినుంచి నోటికి దాటిన సూత్రం ఎంత గట్టిదో ఒక కన్ను చూపిస్తుంది. ఆ గవ్వల్లో ఒకటి తప్పిపోతే దిద్దుకునే దారి ఆయనకుండేదా అని రెండో కన్ను అడుగుతుంది. సూత్రం తెలిసినవాడు దారి తెలిసిన బాటసారి. సూత్రం ఎందుకు పుట్టిందో తెలిసినవాడు దారి వేయగలవాడు. బడి పిల్లలకు రెండూ కావాలి. మనం మొదటిదాన్ని మాత్రమే ఇచ్చి, రెండోదాన్ని మరిచిపోయాం.

ఇప్పుడు గనిలోకి దిగుదాం. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాక కోలారు బంగారు గనుల రూపం మారింది. 1902లో కావేరి మీద శివనసముద్రంనుంచి కరెంటు వచ్చింది. 1956లో గనులు మైసూరు రాష్ట్ర ప్రభుత్వం చేతికి, తరవాత కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న పని ఆగిపోయింది. ఈ నూట ఇరవై ఏళ్లలో సుమారు 5 కోట్ల 10 లక్షల టన్నుల రాయి తవ్వి, 800 టన్నుల బంగారం తీశారు.

టన్ను రాయికి సగటున ఎంత? 800 టన్నులంటే 80 కోట్ల గ్రాములు. 5 కోట్ల 10 లక్షలతో భాగిస్తే టన్నుకు పదహారు గ్రాములకు కొంచెం తక్కువ. బాగుందే, మరి గని ఎందుకు మూతపడింది అని పిల్లవాడు అడుగుతాడు. అడగాలి! సగటు అన్న మాట పొట్టలో ఏం దాగుందో ఆ ప్రశ్నతోనే బయటపడుతుంది. తొలి దశాబ్దాల్లో ఖనిజం బాగా మేలైనది. చివరి దశాబ్దాల్లో టన్నుకు కొద్ది గ్రాములు మాత్రమే దక్కాయి. తవ్వే లోతు పెరిగింది, గాలి పంపే ఖర్చు, నీరు తోడే ఖర్చు పెరిగాయి. నూట ఇరవై ఏళ్ల సగటు చివరి ఏడాది కూలికి అన్నం పెట్టదు. అక్కసాలి మూసలో ఏ వన్నె ఎన్ని పాళ్లో చూడాలన్న మహావీరాచార్యుడి మాటే ఇది. వేలాది కుటుంబాల బతుకు ఆ లెక్క మీద ఊగిసలాడింది. చాంపియన్ రీఫ్‌లో, మారికుప్పంలో సైనైడు దిబ్బలు చూస్తూ పెరిగిన పిల్లలకు సగటు పాఠం ఇంతకంటే దగ్గరగా చెప్పే పుస్తకం ఏదీ లేదు.

లోతు సంగతి కూడా అంతే. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి దిగింది. అట్టడుగున రాతి వేడి 65 డిగ్రీల దాకా ఉండేది. పైన 25 డిగ్రీలనుకుంటే 100 మీటర్లకు ఎంత పెరిగినట్టు? ఒక డిగ్రీకి కొంచెం పైన. అయితే ఇంకో కిలోమీటరు దిగితే ఎంత? రేఖాచిత్రం ఎందుకు గీయాలో, ఆ గీతను ముందుకు ఎందుకు పొడిగించాలో ఇక్కడ తెలుస్తుంది.

ఆ లోతు ప్రపంచ విజ్ఞానానికే ఒక ప్రశ్న వేసింది. ఆకాశంనుంచి వచ్చిపడే కాస్మిక్ కిరణాల కణాలు నేలలోపలికి ఎంత దూరం దిగుతాయి? దీన్ని కొలవడానికి టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1950లలోనే కోలారు గనుల్లోకి పరికరాలు దింపారు. ఈ కణాలు లోతుకు పోయేకొద్దీ ఏదో ఒక లెక్కకు ఇన్ని చొప్పున తగ్గిపోవు. అంతేసి లోతుకు అంతేసి వంతుగా తగ్గుతాయి. చదరంగం పలకను చివరినుంచి మొదటికి నడిచినట్టన్నమాట. బాగా లోతైన చోట వారాల తరబడి కాచుకున్నా లెక్కకు కణం తగలని పరిస్థితి వచ్చింది. వట్టి చేతులతో రావలసిందే కదా అని వాళ్లు వదిలేయలేదు. ఇంత నిశ్శబ్దమైన చోట, దేనికీ తగలకుండా భూమిని సైతం దాటిపోయే న్యూట్రినోల అలికిడి వినవచ్చు కదా అనుకున్నారు. 1965లో అలాగే విన్నారు. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను ఆ ఏడాదే కోలారు గనిలోనూ, దక్షిణాఫ్రికాలోని మరో బంగారు గనిలోనూ పట్టుకున్నారు. సున్న వచ్చిన చోట కూడా ప్రశ్న పుడుతుందని మన నేలే చూపించింది.

ఉపాధ్యాయ మిత్రులు అడగవచ్చు, అందరికీ గనులుంటాయా అని. ఉండవు. కానీ మన సీమలో అందరికీ గుంటలు తెలుసు. ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే పక్కకు 33 అడుగుల చదరం. ఇక ఈ లెక్క ఇవ్వండి. ఒక రైతుకు చదరంగానే ఉండే రెండు గుంటల కళ్లం కావాలి. పక్క ఎన్ని అడుగులు ఉండాలి?

ఎక్కువమంది 66 అంటారు. కాదనకండి. నేలమీద ముగ్గుతో గీయించండి. 66 అడుగుల చదరంలో గుంటలు నాలుగు పడతాయి, రెండు కాదు. సరే, 46 పెట్టి చూద్దాం. 46ను 46తో గుణిస్తే 2116. కావలసింది 2178. చాలలేదు. 47 పెడితే 2209, ఎక్కువైంది. రెంటికీ నడుమ ఎక్కడో ఉంది, కానీ సరిగ్గా ఎక్కడ? వర్గమూలం అన్న మాట పుట్టవలసిన క్షణం అదే. ఆ క్షణంలో ఒక తాడు ఇచ్చి, గుంట చదరానికి మూలనుంచి మూలకు లాగి పట్టమనండి. ఆ తాడే పక్కగా కొత్త చదరం గీస్తే అది సరిగ్గా రెండు గుంటలు. యజ్ఞవేదికలు కొలిచిన బౌధాయనుడి శుల్బసూత్రాల్లో ఈ మాట ఉంది. తాడు పొడవు 46 అడుగుల 8 అంగుళాలు. పిల్లలకు ఇక మూలపు గుర్తు రాక్షసుడిలా కనబడదు.

కథ చెప్పిన ప్రతి లెక్కా ఇలా పని చేయదు. రామయ్య 7 మామిడిపళ్లు కొన్నాడు, సోమయ్య 5 కొన్నాడు అంటే అది కథ కాదు, కూడికకు తొడిగిన చొక్కా. ఆకలి పుట్టించే లెక్కకు మూడు గుణాలుండాలని నాకు తోస్తుంది. ప్రశ్న వినగానే అర్థం కావాలి. ఊహించి, సరిచూసుకునే వీలుండాలి. తనకు తెలిసిన పద్ధతితో పోతే ఎక్కడో ఒకచోట అడుగు ముందుకు పడకూడదు. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే అది వట్టి అభ్యాసం. మూడోది ఉండి మొదటి రెండూ లేకపోతే అది శిక్ష. హాలెండు దేశంలో హాన్స్ ఫ్రాయిడెంతాల్ అనే గణితవేత్త గడిచిన శతాబ్దంలో బడి లెక్కలను ఈ దారికి మళ్లించడానికి పాటుపడ్డాడు. తయారైన గణితాన్ని పిల్లలకు వడ్డించవద్దు, గణితం తయారుచేసే పని వాళ్లచేత చేయించమని ఆయన వాదం. మహావీరాచార్యుడి సంచి, మల్లన రెట్టింపు మనకు ఉండగా ఈ మాట మనకు కొత్తగా వినబడనక్కరలేదు.

మన ఎల్లప్రాంతంలో ఇంకొక చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, గనుల పేటల్లో తమిళం, పెద్ద తరగతుల్లో ఇంగ్లీషు. లెక్క రానివాడని మనం ముద్ర వేసే పిల్లవాడికి చాలాసార్లు లెక్క వస్తుంది, లెక్క చెప్పిన భాషే రాదు. ముళబాగిలు బడిలో, శ్రీనివాసపురం బడిలో ఉపాధ్యాయులు ప్రశ్నను ఒకసారి పిల్లవాడి ఇంటి మాటలో చెప్పి చూడండి. జవాబు ఏ భాషలో రాసినా నష్టం లేదు. అంకెలకు ఎల్ల లేదు. మల్లన చేసింది అదే కదా. కన్నడ దేశపు లెక్కను తెలుగు ఇంటి మాటలోకి తెచ్చాడు. లెక్క చెడలేదు, పిల్లలకు చేరింది.

సెలవు తీసుకునే ముందు మహావీరాచార్యుడిదే మరో లెక్క మీకు అప్పజెబుతాను. అడవి అంచున సమానమైన అరటిపళ్ల రాశులు 63 ఉన్నాయి. విడిగా మరో 7 పళ్లున్నాయి. 23 మంది బాటసారులు వచ్చి అన్నీ సమంగా పంచుకున్నారు. ఒక్కటి కూడా మిగల్లేదు. రాశికి ఎన్ని పళ్లు? అన్నిటికంటే చిన్న జవాబు 5 అని నేనే చెప్పేస్తున్నాను. మొత్తం 322 పళ్లు, మనిషికి 14. కానీ 5 ఎలా వచ్చిందో, 5 తరవాత వచ్చే జవాబు ఏదో నేను చెప్పను. రాత్రి అన్నాలయ్యాక మీ ఇంటి పిల్లల్ని అడగండి. జవాబు చెప్పకుండా కాసేపు ఓపిక పట్టండి. ఆ ఓపికే మీరు వాళ్లకు చెప్పే మొదటి పాఠం.